మూగవోయిన రేడియో

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు ఒకప్పుడు హైదరాబాదు రాజ్యంలోనివి. నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలో 1935 నుండి నడిచిన దక్కన్ రేడియో, 1950లో ఆకాశవాణిలో విలీనమైంది. ఆనాటి శ్రోతలకు ఆ ప్రసారాలను వినిపించినవి వాల్వు రేడియోలు. 1947లో అమెరికాలో ట్రాన్సిస్టరును కనుగొన్నారు. కాలక్రమాన చేతిలో ఇమిడే రేడియోలు రావడంతో, చెక్కపెట్టెల పెద్ద రేడియోలు అటకెక్కాయి.

వాల్వు అంటే గాలి తీసివేసిన గాజుబుడ్డి. అందులోని కాథోడు వేడెక్కినప్పుడు ఎలక్ట్రానులు వెలువడి, ధనావేశం గల ఆనోడు వైపు సాగుతాయి. 1904లో ఫ్లెమింగ్ రూపొందించిన వాల్వులో ఈ రెండే ఉండేవి. 1906లో లీ డి ఫారెస్ట్ వీటికి గ్రిడ్ అనే జాలకాన్ని చేర్చాడు. ఎలక్ట్రానుల ప్రవాహాన్ని అదుపుచేస్తూ బలహీనమైన సంకేతాన్ని బలపరిచేది ఈ జాలకమే. వాల్వు వేడెక్కాలి కనుకనే మీట తిప్పిన వెంటనే ఆ రేడియో పలకదు.

అటక మీది నుండి దించిన రేడియోకు వెంటనే కరెంటు ఇచ్చి చూడాలనిపించడం సహజం. ఆ తొందరే దానికి ముప్పు. ఏళ్ల తరబడి వాడని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు లోలోపల ఎండి చెడిపోతాయి. వాటి గుండా అధిక విద్యుత్తు ప్రవహిస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. అందువల్ల నిపుణుడు ముందుగా దుమ్ము దులిపి, ఎలుకలు కొరికిన తీగలను, చెడిన కండెన్సర్లను మారుస్తాడు. పిమ్మట ఒక ఫిలమెంటు బల్బును వరుసలో కలిపి కరెంటు ఇస్తాడు. బల్బు ఆగకుండా ప్రకాశవంతంగా వెలిగితే లోపల ఇంకా దోషమున్నదని గ్రహిస్తాడు. పెట్టెలోపల రెండువందల వోల్టులకు పైగా విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సర్లలో అది నిలిచి ఉండి ప్రాణాపాయం కలిగించగలదు. కనుక తెలిసినవారి పర్యవేక్షణ లేనిదే విద్యార్థులు ఈ పనికి పూనుకోరాదు.

కొందరు పాతభాగాలన్నీ తొలగించి, అదే పెట్టెలో కొత్త యంత్రాన్ని అమరుస్తారు. పాట వినిపిస్తుంది, కాని పలికేది పాత రేడియో కాదు. పండితపోషణకు పేరెన్నికగన్న గద్వాల సంస్థానాన్ని విద్వద్గద్వాల అనేవారు. తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు పురుగు తిన్న అక్షరాలనే పూరిస్తాడు. తనకు నచ్చిన పద్యాన్ని అందులో చొప్పించడు. ఏ అక్షరాన్ని తాను పూరించాడో పాఠకునికి తెలియజేస్తాడు. రేడియోను బాగుచేసేవానికీ ఇదే ధర్మం. చెడిన భాగాన్ని మాత్రమే మార్చాలి. పనిచేస్తున్న వాల్వును కదిలించరాదు. మార్చిన భాగాల వివరాన్ని, తేదీని ఒక కాగితంపై రాసి పెట్టె లోపలి గోడకు అతికించాలి. ముప్పై ఏళ్ల తరువాత ఆ పెట్టెను విప్పే అపరిచితునికి అదే దారి చూపుతుంది.