జన్యువు తలరాత కాదు

బిడ్డ నుదుట బ్రహ్మ రాసిన రాతను ఎవరూ తప్పించలేరని మన పెద్దలు నమ్మేవారు. నేడు ఆ స్థానాన్ని జన్యువులకు ఇచ్చేవారు ఉన్నారు. పసిబిడ్డకు రక్త క్యాన్సరు వచ్చిందని తెలియగానే "ఇది ఎవరి వంశం నుంచి వచ్చింది?" అనే ప్రశ్న ఇంట్లో తలెత్తుతుంది. తరచు అది తల్లిని దోషిగా నిలబెడుతుంది. విజ్ఞానశాస్త్రం చెప్పే సమాధానం వేరు.

మన రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. వాటిలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు రోగక్రిములతో పోరాడే సైనికులు. అవి పరిణతి చెందకుండానే అదుపు తప్పి పెరిగితే కంచే చేను మేసినట్లవుతుంది. ఆ వ్యాధియే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. రెండు నుంచి ఐదేళ్ల వయస్సులో ఇది అధికంగా కనిపిస్తుంది.

ఇందులో వారసత్వం పాత్ర ఎంత? ఆరవ క్రోమోజోముపై ఉండే హెచ్.ఎల్.ఎ. జన్యువులు శత్రుక్రిములను గుర్తించడంలో శరీరానికి తోడ్పడతాయి. వీటిలో ఒక సముదాయం తల్లి నుంచి, మరొక సముదాయం తండ్రి నుంచి వస్తుంది. వీటికీ లుకేమియాకూ గల సంబంధాన్ని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు గాని ఫలితాలన్నీ ఒకే తీరుగా లేవు. లింఫోసైట్ల ఎదుగుదలను నడిపించే ఇకారోస్ జన్యువులోని కొన్ని భేదాలు వ్యాధి అవకాశాన్ని కొంత పెంచుతాయని 2009లో వెల్లడైంది. అయితే అటువంటి భేదాలు గల పిల్లలలో అత్యధికులు ఆరోగ్యంగానే పెరుగుతారు.

పలువురు పిల్లలలో తొలి దోషం గర్భంలోనే ఒక కణంలో యాదృచ్ఛికంగా ఏర్పడుతుంది. అది తల్లిదండ్రుల నుంచి సంక్రమించినది కాదు. ఒకే మాయను పంచుకొన్న కవలలకు ఆ దోషకణాలు ఒకరి నుంచి మరొకరికి చేరినా, ఇద్దరికీ వ్యాధి తప్పక రావాలని లేదు. పుట్టిన తర్వాత రెండవ దోషం కూడా తోడు కావాలి. శైశవంలో సాధారణ సూక్ష్మజీవుల పరిచయం లేని పిల్లలలో, ఆ తర్వాత వచ్చే అంటురోగాలకు నిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందించి ఇందుకు దారితీయవచ్చునని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మెల్ గ్రీవ్స్ ప్రతిపాదించాడు.

వ్యాధి వచ్చినా ఆశ వదులుకోనక్కరలేదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో తన సహచరులతో కలిసి రూపొందించిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లలకు వాడి, లుకేమియా తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించాడు. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మంచి వైద్యవసతులున్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో దాదాపు తొంభై శాతం మంది బతికి బయటపడుతున్నారు. కనుక ఇంటివారు దోషం ఎవరిదని వెదకక, బిడ్డకు సకాలంలో చికిత్స అందించాలి.

అర్థాలు
మూలుగ = ఎముకల లోపలి మెత్తని పదార్థం
మాయ = గర్భస్థ శిశువుకు పోషణ అందించే అవయవం

ప్రశ్నలు
1. "జన్యువు తలరాత కాదు" అనే మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
2. 'కంచే చేను మేసినట్లు' అనే సామెత ఈ పాఠానికి ఎట్లా సరిపోతుందో వివరించండి.