సంఖ్యారేఖ మీద సందులు

చి. బుజ్జమ్మకి,



పదో తరగతి మొదటి పాఠం పేరే వాస్తవ సంఖ్యలనీ, ఇంటర్ రెండేళ్లూ వాటితోనే లెక్కలు చేశాననీ, తీరా డిగ్రీలో రియల్ అనాలిసిస్ పుస్తకం తెరిచాక అవేమిటో తెలియడం లేదనీ రాశావు. అనుమానం రావలసిన చోటే వచ్చింది. ఎమ్మెస్సీ పూర్తిచేసి కూడా ఈ ప్రశ్న వేసుకోని వాళ్లని చాలామందిని చూశాను.

స్కూల్లో చెప్పింది గుర్తు తెచ్చుకో. అకరణీయ సంఖ్యలూ, కరణీయ సంఖ్యలూ కలిస్తే వాస్తవ సంఖ్యలు. మరి కరణీయ సంఖ్య అంటే? పి/క్యు రూపంలో రాయలేనిది. మన పెరట్లో గేదెని కూడా పి/క్యు రూపంలో రాయలేం, అంతమాత్రాన అది సంఖ్య అయిపోతుందా! పోనీ ‘పి/క్యు రూపంలో రాయలేని వాస్తవ సంఖ్య’ అని సరిదిద్దామా, దేనికి అర్థం చెప్పాలో దాన్నే తెచ్చి వాడుకున్నట్టయింది. ఆ వయసు పిల్లలకి అంతకు మించి చెప్పడం కష్టమే, కాదనను. కానీ డిగ్రీలో ఆ మాటతో సరిపెట్టుకోకు.

√2 దగ్గర మొదలుపెట్టు. భుజం 1 ఉన్న చతురస్రం గీస్తే కర్ణం పొడవు √2. గీసి చూపించగలం కాబట్టి ఆ పొడవు ఉంది. ప్రవర చెప్పేటప్పుడు ఆపస్తంబ సూత్రం అంటారు చూడు, ఆ ఆపస్తంబుడి పేరుతోనే ఒక శుల్బసూత్రం ఉంది. యజ్ఞవేదికలు కట్టడానికి కొలతలు చెప్పే గ్రంథం. కర్ణం కావాలంటే భుజానికి దాని మూడో వంతు కలుపు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలుపు, ఈ చివర కలిపినదాంట్లో ముప్పై నాలుగో వంతు తీసెయ్యి అంటుంది. బౌధాయనుడిదీ ఇదే లెక్క. కూడితే 577/408 వస్తుంది. ఇప్పుడు కాగితం తీసుకుని 577ని వర్గం చెయ్యి: 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. తేడా ఒక్కటంటే ఒక్కటి! వేదికకి ఇటుకలు పేర్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి? మనకి మాత్రం ఆ ఒక్కటే అడ్డం. ఎంత పెద్ద లవం, ఎంత పెద్ద హారం తీసుకున్నా ఆ తేడా సున్నా కాదు. సరి, బేసి సంఖ్యలతో చేసే రుజువు నీకు వచ్చు, మళ్లీ రాయను.

కాలిక్యులేటర్ 1.414213562 చూపిస్తోందిగా అంటావేమో. దాని చివరి అంకె 2, వర్గం చేస్తే చివర 4 వచ్చి కూర్చుంటుంది. ఎక్కడో ఒకచోట ఆగిపోయే ఏ దశాంశానికైనా ఇదే గతి. చివరి అంకె సున్నా కానప్పుడు వర్గంలో చివరి అంకె కూడా సున్నా కాదు, కాబట్టి అది సరిగ్గా 2 కాలేదు.

అంటే భిన్నాలన్నీ కిక్కిరిసి ఉన్న రేఖ మీద కూడా √2 ఉండాల్సిన చోట సందు ఉంది. ఏ రెండు భిన్నాల మధ్యనైనా మరో భిన్నం ఉంటుంది, అయినా సందు ఉంది! ఇక్కడ కాసేపు ఆగు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో మనసుకి పట్టేదాకా ముందుకి పోవద్దు.

రిచర్డ్ డెడికిండ్ 1858లో జ్యూరిక్‌లో కలనగణితం పాఠం చెబుతూ ఇక్కడే ఆగాడు. పెరుగుతూ పోయి, ఒక హద్దు దాటని రాశి ఏదో ఒక విలువని సమీపిస్తుందని బొమ్మ గీసి ఒప్పించాల్సి వచ్చింది ఆయనకి. అది రుజువు కాదని ఆయనకి నచ్చలేదు. ఆ ఏడాది నవంబరులోనే దారి దొరికినా, పుస్తకంగా వేసింది 1872లో. ఆయన చేసిన పని ఇది. భిన్నాలన్నిటినీ రెండు గుంపులు చెయ్యి. వర్గం 2 కంటే ఎక్కువున్న ధన భిన్నాలు పై గుంపు, మిగతావన్నీ కింది గుంపు. కింది గుంపులో అన్నిటికంటే పెద్దది ఏది? ఏదీ లేదు. ఆ గుంపులోంచి ఏ ధన భిన్నాన్నయినా తీసుకో, దానికి 1 కలిపి రెట్టింపు చెయ్యి, దాన్ని మొదటి భిన్నానికి 2 కలిపితే వచ్చినదానితో భాగించు. 7/5తో మొదలుపెడితే 24/17 వస్తుంది, దాంతో మళ్లీ చేస్తే 41/29. ప్రతిసారీ పెరుగుతుంది, ఎప్పుడూ హద్దు దాటదు. పై గుంపులో అన్నిటికంటే చిన్నది కూడా ఉండదు. సరే, భిన్నాలని ఇలా రెండు గుంపులుగా విడగొట్టే కోతనే ఒక సంఖ్య అనుకుందాం అన్నాడు డెడికిండ్. సందు దగ్గర పడినవైనా, భిన్నం దగ్గర పడినవైనా, అలాంటి కోతలన్నీ కలిస్తే వాస్తవ సంఖ్యలు. ఇందులో గేదెకి చోటు లేదు.

అదే 1872లో కాంటర్ అనే మరో గణితజ్ఞుడు అనుక్రమాల మీదుగా వేరే దారిలో అక్కడికే చేరాడు. నీకు ఏ దారి సులువనిపిస్తే అది పట్టుకో, చేరే ఊరు ఒకటే.

మీ లెక్చరర్ బోర్డు మీద రాసే సంపూర్ణతా ధర్మం, అంటే ఎగువ హద్దు ఉన్న ప్రతి శూన్యేతర సమితికీ కనిష్ఠ ఎగువ హద్దు ఉంటుందనేది, సందులు లేవని చెప్పడమే. అది లేకపోతే ఏమవుతుందో చూడు. భిన్నాలే ఉన్న లోకంలో ఎక్స్ వర్గం మైనస్ 2 విలువ 1 దగ్గర రుణం, 2 దగ్గర ధనం, మధ్యలో ఎక్కడా సున్నా కాదు. సున్నాని తాకకుండానే ఇవతలి నుంచి అవతలికి వెళ్లిపోతుంది. ఇంటర్‌లో నువ్వు అనుమానించకుండా వాడేసిన సిద్ధాంతాలు చాలావరకు ఈ ఒక్క ధర్మాన్ని పట్టుకునే నిలబడ్డాయి. పరీక్ష కోసం దాన్ని వల్లె వేయొద్దు. ప్రతి రుజువులోనూ ఏ వరుసలో దాన్ని వాడారో వెతికి ఎర్ర పెన్నుతో గీత గియ్యి.

7/5తో మొదలుపెట్టి నేను పైన చెప్పిన లెక్క ఎందుకు పనిచేస్తుందో బీజగణితంతో నిరూపించి, √3కి అలాంటిదే ఒకటి నువ్వే తయారుచేసి ఆదివారంలోగా నాకు పంపు. గైడు మాత్రం చూడకు.

ఇట్లు,
మీ పెదనాన్న