వయ్యారిభామ వలన కలుగు చర్మవ్యాధి

వయ్యారిభామ కలుపు పీకిన రైతులలో కొందరికి ముఖము, మెడ, చేతులపై దురద పుట్టి, ఎర్రబారి పొక్కులు లేచును. ఎండిన మొక్క ధూళి గాలిలో వచ్చి తగిలినను ఇట్లే జరుగును. 1955 ప్రాంతమున పూణే వద్ద గుర్తింపబడిన ఈ మొక్క నేడు పొలము గట్లపైననే కాక హైదరాబాదు నగరములోను పెరుగుచున్నది.

దీనిలోని పార్థెనిన్ అను పదార్థము చర్మములో చేరగా, అచటి కావలి కణములు దానిని లింఫు గ్రంథులకు మోసికొనిపోయి టి-కణములకు చూపును. తెల్లకణములలో ఒక రకమైన ఈ టి-కణములు దానిని గుర్తుంచుకొనును. అప్పటికి పైకి ఏమియు కనబడదు. మరల తగిలినప్పుడు అవి ఇంటర్‌ఫెరాన్-గామా వంటి సంకేత పదార్థములను విడిచి ఇతర కణములను రప్పించును. అందుచే చర్మము వాచును. ముకుతాడు ఎద్దును అదుపు చేసినట్లు, ఇంటర్‌ల్యూకిన్-10 అను మరియొక సంకేతము వీనిని అదుపు చేయును. ఈ అదుపు చాలనిచో వ్యాధి ముదురును.

కావున “ఇన్నేండ్లు పీకితిని, నాకేమియు కాలేదు” అని రైతు సోదరులు ధైర్యపడరాదు. పొక్కులు సాధారణముగా ఒకటి రెండు రోజుల తరువాత లేచును గాన, ముందు రోజులలో చేసిన పనిని గుర్తుచేసికొనవలెను.

పూత రాకముందే, చేతికి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ధరించి మొక్కను వేళ్లతో పీకవలెను. పని కాగానే సబ్బుతో స్నానము చేసి బట్టలు ఉతుకవలెను. ఒకసారి పొక్కులు లేచినవారు ఈ పనికి దిగక, చర్మవైద్యునికి చూపించుకొనవలెను. అంగడిలో దొరకు పూతమందులను తమంతట తాము వాడరాదు.