పక్కన టవర్ లేస్తుంటే సంఘం ఏం చేయగలదు?
ప్రశ్నలు - జవాబులు

ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో ఉంటున్న తెలుగువాళ్ల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చుట్టుపక్కల లేస్తున్న కట్టడాల గురించే. కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: హాబ్సన్ స్ట్రీట్‌లో పదకొండో అంతస్తులో మా సొంత అపార్ట్‌మెంట్ ఉంది. పక్క పార్కింగ్ స్థలంలో టవర్ కడుతున్నారని క్రేన్ వచ్చాకే తెలిసింది. కౌన్సిల్ నుంచి మాకు ఒక్క కాగితం రాలేదు. మాకున్న పొద్దుటి ఎండంతా పోతుందండీ. బ్లాకులో అందరం సంఘంగా వెళ్తే ఆపించగలమా?
- ఒక పాఠకురాలు, సిటీ సెంటర్

జవాబు: ఆపించలేరమ్మా. మీరు లాయర్ల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకోకముందే ఈ మాట చెప్పడం నా బాధ్యత.

కాగితం ఎందుకు రాలేదో ముందు చెబుతాను. ఇక్కడి నిర్మాణ అనుమతులు 1991 నాటి రిసోర్స్ మేనేజ్‌మెంట్ చట్టం కింద నడుస్తాయి. దరఖాస్తు వచ్చినప్పుడు కౌన్సిల్ ముందు మూడు దారులుంటాయి. ఊరందరికీ ప్రకటించవచ్చు, ప్రభావం పడే ఇరుగుపొరుగుకు మాత్రమే తెలియజేయవచ్చు, లేదా ఎవరికీ చెప్పకుండానే తేల్చవచ్చు. అత్యధిక దరఖాస్తులు మూడో దారిలోనే వెళ్లిపోతాయి. సిటీ సెంటర్‌లో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ ఎత్తైన భవనాలు రావాలని 2016 నవంబరు నుంచి అమల్లో ఉన్న ఆక్లాండ్ యూనిటరీ ప్లానే చెబుతోంది. ప్లాన్ రమ్మన్న భవనం వస్తున్నప్పుడు పక్కింటివాళ్లను అడగాల్సిన అవసరం అధికారులకు కనిపించదు.

ఎండ సంగతికి వద్దాం. మీ బాల్కనీలో పడే ఎండకు ఈ ప్లాన్‌లో రక్షణ దాదాపు లేదు. అయితే అవోటేయా స్క్వేర్, సెయింట్ పాట్రిక్స్ స్క్వేర్ లాంటి బహిరంగ స్థలాల మీద పడే ఎండకు ఉంది. వాటి మీద నీడ పడకుండా చుట్టుపక్కల భవనాలు ఎంత ఎత్తు దాటకూడదో ప్లాన్‌లో రాసి ఉంది. అలాగే అగ్నిపర్వత శిఖరాలు ఊళ్లోకి కనిపించే చూపుదారులను 1970ల నుంచీ కాపాడుతున్నారు, వాటికి అడ్డంగా కట్టడానికి వీల్లేదు. అందరికీ చెందిన ఎండను, అందరికీ కనిపించే కొండను ప్లాన్ రాసేటప్పుడే కాపాడుకున్నారు కాబట్టి అవి నిలిచాయి. సంఘం బలం అక్కడ పనిచేస్తుంది. ఒక్కో భవనం దగ్గర కన్నా, ఆ భవనాలకు కొలతలు నిర్ణయించే పుస్తకం దగ్గర.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి రెండు పనులు. కౌన్సిల్ మీకు ఎందుకు తెలియజేయలేదో వివరించే అధికారి నివేదిక ఒకటి ఫైల్లో ఉంటుంది. 1987 నాటి స్థానిక సంస్థల సమాచార చట్టం కింద దాన్ని అడగండి. 20 పనిదినాల్లోగా ఇస్తారో లేదో చెప్పి తీరాలి, జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. రెండోది, అనుమతి పత్రంలోని షరతులు చదవండి. చప్పుడు ఎన్ని గంటలకు మొదలుపెట్టవచ్చు, ఫుట్‌పాత్ ఎంతమేర మూయవచ్చు, లారీలు ఎటు రావాలి అన్నవి అందులో ఉంటాయి. వాటిని ఉల్లంఘిస్తే ఫొటో, తేదీ, సమయంతో కౌన్సిల్‌కు రాయండి. ఒక ఫ్లాట్ నుంచి అప్పుడప్పుడూ వచ్చే ఫిర్యాదు కన్నా సంఘం పేరుతో వారం వారం వచ్చే పట్టికకు జవాబు తొందరగా వస్తుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాదన నడుస్తోంది. సంఘాలు ఎంత అరిచినా కౌన్సిల్, డెవలపర్ అనుకున్నదే చేస్తారని కొందరంటున్నారు. నిజంగా గెలిచిన సందర్భం ఒక్కటైనా ఉందా సార్?
- ఐటీ ఉద్యోగి, విన్‌యార్డ్ క్వార్టర్

జవాబు: ఉంది. మీరుండే చోటు నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే జరిగింది.

ఆక్లాండ్ పోర్టు కంపెనీకి కౌన్సిలే యజమాని. బ్లెడిస్లో వార్ఫ్‌ను రెండు చోట్ల, ఒక్కోటి వంద మీటర్లకు కాస్త తక్కువగా, వైటెమాటా హార్బర్‌లోకి పొడిగించడానికి ఆ కంపెనీ అనుమతులు తీసుకుంది. జనానికి ప్రకటన లేదు. ఇంత పెద్ద మార్పు జరగబోతోందని 2015 మొదట్లో బయటికి పొక్కగానే నగరమంతా రగిలింది. నీటి ఒడ్డున ర్యాలీలు జరిగాయి, పడవలు వచ్చాయి, కౌన్సిలర్ల మీద ఒత్తిడి పెరిగింది. వాటన్నిటి కన్నా ఎక్కువగా పని చేసింది ఒక చిన్న సంఘం వేసిన కేసు. ఆ సంఘం పేరు అర్బన్ ఆక్లాండ్. ఆర్కిటెక్టులు, నగరం మీద ప్రేమ ఉన్నవాళ్లు కలిసి నడిపే రిజిస్టర్డ్ సొసైటీ అది. 'వార్ఫ్ మంచిదా చెడ్డదా' అని వాళ్లు కోర్టును అడగలేదు. అనుమతులను విడివిడిగా ముక్కలు చేసి చూడటం తప్పు, కలిపి చూసి జనానికి ప్రకటించి ఉండాల్సింది అన్నారు. 2015 జూన్‌లో హైకోర్టు న్యాయమూర్తి వెనింగ్ ఆ వాదనను ఒప్పుకుని అనుమతులను కొట్టేశారు.

ఈ కేసులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ ప్రశ్నను ఎంచుకున్న తీరు. హార్బర్ అందం గురించి వంద పేజీలు రాసి ఓడిపోయే వీలుంది. వాళ్లు పద్ధతిలో దొర్లిన తప్పును పట్టుకున్నారు. రిజిస్టర్ అయి ఉండటం కూడా కలిసొచ్చింది, కేసు ఒక మనిషి పేరు మీద కాక సొసైటీ పేరు మీద నడిచింది.

కథ అక్కడితో ఆగలేదన్నది కూడా మీ గ్రూపులో చెప్పండి. 2024లో ప్రభుత్వం ఫాస్ట్-ట్రాక్ అనుమతుల చట్టం తెచ్చింది. ఆ దారిలో జనానికి ప్రకటించి సబ్మిషన్లు, అంటే రాతపూర్వక అభిప్రాయాలు, పిలిచే దశే ఉండదు. ఆ చట్టం కింద దేశంలో అనుమతి పొందిన మొట్టమొదటి ప్రాజెక్టు ఏదనుకుంటున్నారు? బ్లెడిస్లో ఉత్తరపు వార్ఫ్, ఫెర్గూసన్ బెర్త్ పొడిగింపు. 2025 ఆగస్టులో వచ్చింది. పదేళ్ల కిందటి పథకం, ఈ పథకం అచ్చంగా ఒకటి కావు, కానీ నీరు అదే, పోర్టు అదే. రిసోర్స్ మేనేజ్‌మెంట్ చట్టం స్థానంలో కొత్త చట్టాలు తెచ్చే బిల్లులు కూడా 2025 డిసెంబరులో పార్లమెంటుకు వచ్చాయి. ఎవరికి చెప్పాలి, ఎవరు అభ్యంతరం పెట్టవచ్చు అన్న హద్దులను అవి బిగిస్తాయి. పొరుగు సంఘాలు ఇప్పుడు కౌన్సిల్ గుమ్మం దగ్గరే కాదు, పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ముందు కూడా నిలబడాలి. ఈ విషయంలో నాకు నిజంగా ఆందోళన ఉంది. కట్టడాలు త్వరగా రావాలన్నది న్యాయమే, ఇళ్ల కొరత నిజమే. కానీ వార్ఫ్ పక్కన బతికేవాళ్లను అడగకుండా హార్బర్‌ను మార్చడం న్యాయం కాదు.

ప్రశ్న: నేను స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. క్వీన్ స్ట్రీట్ దగ్గర ముగ్గురం కలిసి అద్దెకుంటున్నాం. మా బిల్డింగ్ మీటింగులకు ఓనర్లనే పిలుస్తారు. మాలాంటివాళ్ల మాట ఎవరైనా వింటారా అన్నా?
- ఎమ్మెస్ విద్యార్థి

జవాబు: వింటారు తమ్ముడూ, కాకపోతే తలుపు వేరు. మీ బిల్డింగ్‌లో జరిగేది బాడీ కార్పొరేట్ మీటింగ్. 2010 నాటి యూనిట్ టైటిల్స్ చట్టం ప్రకారం అక్కడ ఓటు యజమానులదే. లిఫ్టు రిపేరు, మరమ్మతుల నిధి, ఇన్సూరెన్సు వాళ్ల పని. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వెల్ఫేర్ అసోసియేషనే మురుగు నుంచి రోడ్డు వరకూ అన్నీ చూసుకుంటుంది కాబట్టి మనవాళ్లు రెంటినీ ఒకటే అనుకుంటారు. ఇక్కడ వీధి గురించి, పార్కు గురించి మాట్లాడే సంఘం వేరు. నగర కేంద్రంలో ఆ పని చేస్తున్నది సిటీ సెంటర్ రెసిడెంట్స్ గ్రూప్. వాళ్లకు రాయండి.

లోకల్ ఎన్నికల్లో ఓటుకు పౌరసత్వమో రెసిడెన్సీయో కావాలి. ప్లాన్ మార్పు మీద సబ్మిషన్ ఇవ్వడానికి అవేవీ అక్కర్లేదు. చట్టం అడిగేది 'ఏ వ్యక్తి అయినా' అని మాత్రమే. వీసా అడగదు, ఇల్లు సొంతమా అని అడగదు.

మీలాంటివాళ్లు రావాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం 2016 ఫిబ్రవరిలో జరిగిన ఒక మీటింగ్. యూనిటరీ ప్లాన్ తయారవుతున్న రోజులవి. కొన్ని ప్రాంతాల్లో మరిన్ని అంతస్తులకు వీలిచ్చే జోన్ మార్పులను కౌన్సిల్ ఆలస్యంగా ముందుకు తెచ్చింది. ఆక్లాండ్ 2040, క్యారెక్టర్ కొయెలిషన్ లాంటి సంఘాలు దీన్ని ఎదిరించాయి. సబ్మిషన్ల గడువు అయిపోయాక జోన్ మారిస్తే ఇంటివాళ్లకు మాట్లాడే హక్కే ఉండదన్నది వాళ్ల వాదన, అందులో న్యాయం ఉంది. హాలు నిండిపోయింది. ఎక్కువమంది వయసు మళ్లిన ఇంటి యజమానులు. ఇళ్లు ఎక్కువ కట్టాలని యువ సలహా మండలి ప్రతినిధులు మాట్లాడుతుంటే కేకలు వేసి అడ్డుపడ్డారు. కౌన్సిలర్లు 13-8 ఓట్లతో ఆ మార్పులను వెనక్కి తీసుకున్నారు.

తర్వాత ఏమైంది? కౌన్సిల్ తన వాదన వదిలేసుకోవడంతో ఆ జోన్ల మీద ప్లాన్‌పై వాదనలు వింటున్న స్వతంత్ర ప్యానెల్ ముందు చెప్పుకోవడానికి దానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అదే ఏడాది జులైలో ప్యానెల్ ఇచ్చిన సిఫార్సులు అపార్ట్‌మెంట్లకు, టౌన్‌హౌస్‌లకు ఇంకా ఎక్కువ చోటిచ్చాయి. ఆగస్టులో కౌన్సిల్ వాటిలో అత్యధిక భాగాన్ని ఆమోదించింది. సంఘాలు కోర్టుకెళ్తే, ప్యానెల్ చాలావరకు తన పరిధిలోనే పనిచేసిందని 2017లో హైకోర్టు తేల్చింది. హాల్లో గెలిచినవాళ్లు ప్లాన్‌లో ఓడిపోయారు. అద్దెకుండేవాళ్లను కలుపుకున్న సంఘమైతే ఆ రోజు వేరే మాట అడిగి ఉండేదని నా నమ్మకం: ఇళ్లు కట్టండి, ఎక్కడ ఎంత ఎత్తో మాతో కూర్చుని తేల్చండి అని.

ప్రశ్న: కరంగాహపే రోడ్డు దగ్గర మాకు బిర్యానీ రెస్టారెంటు ఉంది. నాలుగు షాపుల అవతల ఇంకొకరు అదే తరహా పెద్ద హోటల్ పెడుతున్నారు. వ్యాపారుల సంఘం తరఫున ప్లానింగ్ అభ్యంతరం వేయమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. వేయవచ్చా?
- రెస్టారెంటు యజమాని

జవాబు: వద్దండీ. పోటీని ఆపడానికి ప్లానింగ్ చట్టాన్ని వాడకూడదని అందులోనే ఒక భాగం ఉంది. పొగ, చప్పుడు, చెత్త లాంటివి మీ మీద నేరుగా పడుతుంటే తప్ప వ్యాపార పోటీదారు సబ్మిషన్ వేయకూడదు. సంఘాన్నో బంధువునో ముందుపెట్టి వెనక నుంచి డబ్బు సమకూర్చినా దొరికిపోతారు, నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు.

వ్యాపారుల సంఘం వల్ల మేలు మరోచోట ఉంది. సిటీ రైల్ లింక్ అనే భూగర్భ రైలు మార్గం తవ్వకాలతో ఆల్బర్ట్ స్ట్రీట్ చిన్న దుకాణాలు ఏళ్ల తరబడి కంచెల వెనక నలిగిపోయాయి. ఆ దుకాణదారులు, వాళ్ల తరఫున నగర కేంద్ర వ్యాపారుల సంఘమైన హార్ట్ ఆఫ్ ది సిటీ విడవకుండా అడగ్గా అడగ్గా 2021లో 1.2 కోట్ల డాలర్ల సహాయ నిధి వచ్చింది. చాలామందికి ఆలస్యంగానే వచ్చింది. మీ వీధిలో తవ్వకం మొదలవుతుందంటే ఆ మాట మొదటి రోజే ఎత్తండి.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి విజయవాడ నుంచి వచ్చాను. మా వార్డులో ఏదైనా ఇబ్బంది ఉంటే కార్పొరేటర్ ఇంటికెళ్లి కూర్చుంటాం. ఇక్కడ అలాంటి మనిషి ఎవరూ లేరా?
- ఒక పెద్దాయన

జవాబు: ఉన్నారండీ. 2010లో ఎనిమిది సంస్థలను కలిపి ఆక్లాండ్ కౌన్సిల్ చేసినప్పుడు, కింది స్థాయిలో 21 లోకల్ బోర్డులు పెట్టారు. మీ అమ్మాయి ఉండే సిటీ సెంటర్ వైటెమాటా లోకల్ బోర్డు కిందికి వస్తుంది. సభ్యులు ఏడుగురు. పార్కులు, లైబ్రరీలు, స్థానిక స్థలాలు వాళ్ల చేతిలో ఉంటాయి. భవనాలకు అనుమతి వాళ్లివ్వరు గానీ ప్లాన్ మార్పుల మీద వాళ్ల అభిప్రాయాన్ని కౌన్సిల్ తీసుకోవాలి. మీటింగులు బహిరంగంగా జరుగుతాయి. పబ్లిక్ ఫోరం అని కొద్ది నిమిషాల సమయం ఉంటుంది, ముందుగా పేరిస్తే ఎవరైనా మాట్లాడవచ్చు. మీరూ మాట్లాడవచ్చు, అమ్మాయిని ఇంగ్లీషులో చెప్పమనండి.

ప్రశ్న: ఒక ప్లాన్ మార్పు మీద మేం ఒకే ఉత్తరం రాసి రెండు వందల సంతకాలు పెట్టించి పంపుదామనుకుంటున్నాం. సరిపోతుందా? సంఘం రిజిస్టర్ చేయాలా?
- ఫ్రీమన్స్ బే నుంచి కొందరు

జవాబు: సంతకాలు వార్తాపత్రికకు పనికొస్తాయి. సబ్మిషన్లు విని తేల్చే కమిషనర్లకు వాటితో పెద్దగా పని లేదు, ఒకే మాట రెండు వందల సార్లు చెప్పినా ఒక్క మాటే. ప్లాన్‌లో ఏ నియమం, ఏ మ్యాప్, మీకేం కావాలి అన్నవి రాయండి. 'ఎత్తు తగ్గించండి' అనకండి, 'ఈ వీధికి ఉత్తరం వైపు ఎత్తు ఇంత ఉండాలి, లేదంటే స్కూలు ఆట స్థలం మీద మధ్యాహ్నం నీడ పడుతుంది' అనండి. నీడ బొమ్మ జతచేయండి. స్కూలు టీచరు ఒకటి, వీల్‌చెయిర్‌లో తిరిగేవారు ఒకటి, అద్దెకుండే నర్సు ఒకటి, ఎవరి అనుభవం వాళ్లు విడిగా రాస్తే ఐదు సబ్మిషన్లే అయినా బరువుంటుంది.

ఫారంలో వాదన వినిపించదలచారా అని అడిగే చోట తప్పక అవునని టిక్ పెట్టండి. చాలామంది మొహమాటంతో వద్దని పెట్టేస్తారు, ఆ తర్వాత ఆ గదిలో వాళ్ల మాట చెప్పేవాళ్లుండరు. సబ్మిషనే వేయనివాళ్లకు మామూలుగా ఎన్విరాన్‌మెంట్ కోర్టుకు వెళ్లే దారి కూడా ఉండదు. మీరు అడగని విషయాన్ని తర్వాత కలపడం కష్టం, అందుకని మొదటి కాగితంలోనే విస్తృతంగా అడగండి.

రిజిస్టర్ చేయండి. 2022 సొసైటీల చట్టం ప్రకారం పది మంది సభ్యులు, ముగ్గురి కమిటీ, తగాదాలు తీర్చుకునే పద్ధతితో సహా ఒక నియమావళి చాలు. మీ పేటలో పాత సంఘం ఉంటే అది కొత్త చట్టం కింద 2026 ఏప్రిల్ 5 గడువులోగా తిరిగి నమోదైందో లేదో ముందు కనుక్కోండి, నమోదై ఉంటే అందులోనే చేరడం మేలు.

ఇంకొక్క మాట. సబ్మిషన్లు ముగిశాక కౌన్సిల్ వాటి సారాంశం ప్రచురిస్తుంది. డెవలపర్లు మీ వీధి గురించి ఏం అడిగారో మొదటిసారి అక్కడే కనిపిస్తుంది. వాటికి మద్దతో వ్యతిరేకతో తెలిపే రెండో విడతకు సాధారణంగా పది పనిదినాలే ఇస్తారు. ఆ సారాంశం వచ్చిన రోజే చదవడానికి మీలో ఇద్దరిని ఇప్పుడే నియమించుకోండి.