ఫ్లవర్‌హార్న్‌కు తోడు వద్దు

ప్రశ్న: మాది కోరుట్ల. రెండడుగుల అక్వేరియంలో ఫ్లవర్‌హార్న్ ఉంది. తోడుగా ఆస్కార్‌ను వేయొచ్చా?

జవాబు: వేయకండి. రెండూ అడుగు దాకా పెరిగే సిక్లిడ్ కుటుంబపు చేపలే. చోటు నాదంటే నాదని కొట్టుకుంటాయి, ఓడినది దాక్కోవడానికి మూల కూడా దొరకదు. 1990ల్లో మలేషియాలో సంకరంతో పుట్టిన ఫ్లవర్‌హార్న్ అద్దంలో తన నీడ మీదికే దూకుతుంది. దానికి ఒంటరిగా ఉండటమే సుఖం.

అసలు మీ తొట్టే దానికి చాలదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 250 లీటర్లు పడతాయి. ఒక్క చేపకే అంత కావాలి. ఎత్తుకన్నా పొడవు, వెడల్పు ముఖ్యం. చేప తిరగాలి కదా. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

పెంచలేకపోతే జగిత్యాలలోనో సిరిసిల్లలోనో అక్వేరియం షాపుకు ఇచ్చేయండి. మిడ్ మానేరులోనో ఊరి చెరువులోనో మాత్రం దయచేసి వదలొద్దు, అక్కడి చేపపిల్లల్ని తినేస్తుంది.