హీమోఫిలియా – మా ఇంటి అనుభవం



ప్రతిసారీ ఒక వ్యాధి గురించి చెప్పుకుంటున్నాము. ఈసారి చెప్పేది మా ఇంట్లో ఉన్నదే.

1997లో మా బాబుకు పది నెలలు. పాకడం మొదలుపెట్టినప్పటి నుండి మోకాళ్ళ మీద, పొట్ట మీద కమిలిన మచ్చలు కనబడేవి. నేలకు రాసుకుని వచ్చాయనుకున్నాను. ఒక రాత్రి జ్వరం వస్తే నేనే తొడకు ఇంజెక్షన్ చేశాను. తెల్లవారేసరికి తొడ గట్టిపడి బాగా వాచింది. రక్తపరీక్షలు చేసి, ఫ్యాక్టర్ 8 దాదాపు లేదని, ఇది హీమోఫిలియా 'ఎ' అని చెప్పారు.

"మా వంశంలో ఎవరికీ లేదు" అన్నారు మా అత్తగారు. నిజమే, ఉన్నది మా పుట్టింటి వైపు. మా మేనమామ చిన్నతనంలో పన్ను తీయిస్తే రక్తం ఆగక చనిపోయాడని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నర్సింగ్ చదివిన నేను ఆ మాటనూ, బాబు మచ్చలనూ కలిపి చూడలేదు. ఆ సూది గుర్తొస్తే ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ వ్యాధి ఏమిటి?

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రోటీన్ తక్కువగా ఉండడమే హీమోఫిలియా. 'ఎ' రకంలో ఫ్యాక్టర్ 8, 'బి' రకంలో ఫ్యాక్టర్ 9 తక్కువ. రక్తం వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. కీళ్ళలో, కండరాలలో, తలలో లోపల కారేదే ప్రమాదం.

లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. తల్లిలో అది ఉంటే కొడుక్కి వ్యాధి వచ్చే అవకాశం సగం, కూతురికి ఆ లోపం చేరే అవకాశం సగం. సుమారు మూడోవంతు మందికి ఇంట్లో ముందు ఎవరికీ లేకుండానే వస్తుంది. కనుక తల్లిని నిందించవద్దు.

జాగ్రత్తలు

1. కండకు ఇంజెక్షన్లు వద్దు. టీకాలు మాత్రం మానకూడదు. ముందే డాక్టరుకు చెప్పి, సన్నని సూదితో వేయించి, ఆ చోట కొన్ని నిమిషాలు నొక్కిపట్టాలి.

2. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు.

3. కీలు వెచ్చబడి చీమలు పాకినట్లుంటే వాపు వచ్చేదాకా ఆగకుండా ఫ్యాక్టర్ ఎక్కించాలి. కదపకుండా ఉంచి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి.

4. తలకు దెబ్బ తగిలితే, పిల్లవాడు ఆడుకుంటున్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

5. బడిలో దాచవద్దు. నేను దాచాను. ఆటల పీరియడ్‌లో పరుగెత్తి మా వాడి మోకాలిలో పలుమార్లు రక్తం చేరింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు గాని, ఆ మోకాలు పూర్తిగా వంగదు.

అప్పట్లో ప్లాస్మాతో నెట్టుకొచ్చాము. ఇప్పుడు 'ఎ' రకానికి చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ కూడా ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియాను చేర్చారు.

మీ తల్లి వైపు మగపిల్లలెవరికైనా రక్తం ఆగని సంగతి ఉంటే, సూదికి, పన్ను తీయడానికి, ఆపరేషన్‌కు ముందే సిస్టర్‌తో చెప్పండి. మేము అడగడం మరచిపోయినా మీరు చెప్పండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్