పోటీ పరీక్షల ప్రత్యేకం: కొండపల్లి శేషగిరిరావు

తెలంగాణ సంస్కృతి చదివేటప్పుడు చాలామంది చిత్రకారుల పేర్లను చివరికి నెట్టేస్తారు. అలా నెట్టేయకూడని పేరు కొండపల్లి శేషగిరిరావు. 1924లో పూర్వపు వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. పశ్చిమ గోదావరి పెనుగొండ వేరు, పొరబడొద్దు. హైదరాబాద్‌లో చిత్రకళ నేర్చుకుని, శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం చేశారు. తర్వాత హైదరాబాద్ లలితకళల కళాశాలలో పాఠాలు చెప్పారు. 2012లో కన్నుమూశారు.

గురువు నందలాల్ బోస్‌ది బెంగాల్ శైలి. ఆ శైలికి గుర్తు ‘వాష్’ పద్ధతి. కాగితంపై పలచగా నీటిరంగు పూస్తారు. ఆరాక నీళ్లతో తడిపి, మళ్లీ రంగు వేస్తారు. ఇలా పొర మీద పొర పడి, అంచులు కరిగి, మంచు కమ్మినంత మెత్తదనం వస్తుంది. జపాన్ చిత్రకారుల సాంగత్యంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ దీనికి రూపమిచ్చారు.

శకుంతల వంటి పురాణ నాయికల బొమ్మలు శేషగిరిరావుకు పేరు తెచ్చాయి. కానీ ఆయన సొంత గొంతు ఎక్కువగా పలికింది దక్కను బండరాళ్ల చిత్రాల్లోనే అనిపిస్తుంది.

ఇలా సొంత నేలను గీయడం చూస్తే ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ (1839–1906) గుర్తొస్తారు. సెజాన్ కూడా తన సొంతూరు ఎక్స్ దగ్గరి సెయింట్ విక్టోయిర్ కొండను పదేపదే గీశారు. నీటిరంగుల్లో కాగితపు తెలుపును అక్కడక్కడా అలాగే వదిలి వెలుగుగా వాడుకున్నారు. పోస్ట్ ఇంప్రెషనిస్టు ధోరణికి చెందిన సెజాన్, తర్వాత వచ్చిన క్యూబిజం అనే చిత్రకళా ధోరణికి దారి వేశారు. చిత్రకారులు పికాసో, బ్రాక్ ఆ దారిలోనే ముందుకెళ్లారు.